53 మీటర్ల లోతున హెర్మీస్: మునిగిన యుద్ధనౌక దగ్గరికి దిగడంలో ఉన్న చిక్కులు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన సంగతి మన కోస్తా జిల్లాల్లో చాలామందికి తెలుసు. దాన్ని విడి సంఘటనగా చెప్పుకోవడం అలవాటైపోవడంతో, ఆ వారమంతా బంగాళాఖాతంలో జరిగిన యుద్ధం మన జ్ఞాపకంలోకి రాలేదు. అప్పుడు ఈ సముద్రంలో జపాన్ నౌకాదళాలు రెండు తిరుగుతున్నాయి. ఒజావా నాయకత్వంలోని చిన్న దళం సరుకు ఓడలను వేటాడింది. మన తీరం మీద బాంబులు వేసినవి ఆ దళంలోని ర్యూజో అనే నౌక నుంచి లేచిన విమానాలే. నగుమో నాయకత్వంలోని పెద్ద దళం ఐదు విమానవాహక నౌకలతో అప్పటి సిలోన్ వైపు వెళ్లి, ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది.

ఆ 9వ తేదీ ఉదయమే బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మీస్ బట్టికలోవా తీరానికి దగ్గరలో మునిగిపోయింది. దాడి రాబోతోందన్న హెచ్చరికతో ముందు రాత్రే అది ట్రింకోమలీ రేవు వదిలి దక్షిణంగా వెళ్లింది. తెల్లవారాక వెనక్కి తిరుగుతుండగా జపాన్ నిఘా విమానం కంట పడింది. విమానాలను మోయడానికే కట్టిన నౌకే అయినా ఆ ఉదయం దాని మీద ఒక్క విమానం కూడా లేదు; అన్నీ తీరంలోనే ఉండిపోయాయి. రక్షణకు పంపిన యుద్ధవిమానాలు సమయానికి చేరలేదు. డైవ్ బాంబర్లు పది నిమిషాల్లో దాదాపు 40 బాంబులను గురి తప్పకుండా వేశాయి. కెప్టెన్ రిచర్డ్ ఆన్‌స్లోతో సహా 307 మంది చనిపోయారు. దగ్గరలో ఉన్న వీటా అనే ఆసుపత్రి నౌక దాదాపు 600 మందిని నీళ్లలోంచి పైకి తీసింది. హెర్మీస్‌కు తోడుగా వచ్చిన ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాంపైర్ కూడా అదే పూట మునిగింది.

ఇప్పుడు హెర్మీస్ ఎడమ పక్కకు ఒరిగి, సుమారు 53 మీటర్ల లోతున ఇసుక మీద ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో శ్రీలంక తూర్పు తీరం ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా డైవర్లు అక్కడికి పడవల్లో వెళతారు. తీరం నుంచి దూరం కూడా ఎక్కువేమీ కాదు. అయినా దాన్ని చూసినవాళ్లు తక్కువే. ఈ నౌక దగ్గరికి ఎవరు వెళ్లగలరు, ఎంతసేపు ఉండగలరు, ఏ గాలి పీల్చాలి, లోపలికి వెళ్లవచ్చా, దానికి యజమాని ఎవరు, కాపలా ఎవరు అన్న ప్రశ్నలు పైకి వేర్వేరుగా కనిపిస్తాయి. చాలావరకు వాటి జవాబులన్నీ ఆ 53 మీటర్ల అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.

వినోదం కోసం చేసే స్కూబా డైవింగ్‌కు శిక్షణ సంస్థలు పెట్టుకున్న లోతు హద్దు 40 మీటర్లు. హెర్మీస్ ఒరిగి ఉన్నప్పటికీ, అన్నిటికన్నా పైకి ఉన్న భాగం కూడా ఆ హద్దుకు కింది వైపే ఉంటుంది. అంటే మామూలు శిక్షణ పొందిన డైవర్ దీన్ని పైపైన చూసి రావడానికి కూడా వీల్లేదు. ఈ హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, నీటి కింద మనం పీల్చే గాలికి ఏమవుతుందో చూడాలి.

సముద్రంలో ప్రతి పది మీటర్లకూ పీడనం ఒక్కో వాతావరణ పీడనం (నేల మీద మన చుట్టూ గాలి నొక్కేంత) చొప్పున పెరుగుతుంది. నీటి పైన ఒకటి, 53 మీటర్ల దగ్గర 6.3. ఛాతీ మీద నీరు అంత బలంగా నొక్కుతున్నప్పుడు ఊపిరితిత్తులు నిండాలంటే లోపలికి వచ్చే గాలి కూడా అదే పీడనంతో రావాలి. నోట్లో ఉండే రెగ్యులేటర్ చేసే పని అదే. ఆ కారణంగా ప్రతి శ్వాసలోనూ పైన పీల్చేదానికి 6.3 రెట్ల గాలి ఖర్చవుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 126 లీటర్లు కావాలి. 200 బార్ల (బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) పీడనంతో నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో 2400 లీటర్ల గాలి ఉంటుంది. అడుగున అది 19 నిమిషాలకు అయిపోతుంది. ఆ లెక్కలో పైకి రావడానికి అవసరమైన గాలి లేదు, అనుకోనిది జరిగితే వాడుకోవడానికి మిగులు లేదు, తోటి డైవర్‌కు ఇవ్వడానికి అసలే లేదు. హెర్మీస్‌కు వెళ్లేవాళ్లు వీపు మీద జంట సిలిండర్లు, పక్కన మరో రెండు సిలిండర్లు తగిలించుకుని దిగేది ఇందుకే.

గాలి సరిపడా ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. పీడనం పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజన్ మెదడు మీద మత్తుమందులా పనిచేస్తుంది. 30 మీటర్లు దాటినప్పటి నుంచి దాదాపు అందరిలోనూ ఇది ఎంతో కొంత కనిపిస్తుంది. 50 మీటర్ల దగ్గర బాగా బలపడుతుంది. తమకు మత్తెక్కిందని ఆ సమయంలో చాలామంది గుర్తించలేరు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. గేజ్ మీది అంకె కనిపిస్తుంది కానీ దాని అర్థం బుర్రకెక్కదు. పైకి వెళ్లడానికి పట్టుకునే తాడు ఎటు ఉందో చూసిన క్షణానికే మరిచిపోతారు. చేస్తున్న పని ఒక్కటే లోకంలా అనిపిస్తుంది. అదే లోతుకు పదిసార్లు వెళ్లినవాళ్లు తమకు అలవాటైందని చెబుతుంటారు. అలవాటయ్యేది ఆ అనుభూతే. మత్తు వల్ల నిర్ణయం తీసుకునే శక్తి మందగించడం మాత్రం అలవాటుతో పోదు.

ఇక్కడ తరచూ వినిపించే ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయాలి. గాలితో 50 మీటర్లు దాటితే ఆక్సిజన్ విషమవుతుంది కాబట్టి వెళ్లకూడదని కొందరు చెబుతారు. ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటా, మరీ పెరిగితే మూర్ఛ వచ్చి, నోట్లోని రెగ్యులేటర్ జారిపోయి మనిషి మునిగిపోయే ప్రమాదం ఉన్న మాట నిజమే. కానీ 53 మీటర్ల దగ్గర గాలిలోని ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.3 చిల్లర మాత్రమే. శ్రమతో కూడిన డైవ్‌కు సాధారణంగా ఒప్పుకునే హద్దు 1.4. కాబట్టి హెర్మీస్ దగ్గర గాలిని తోసిపుచ్చడానికి మొదటి కారణం ఆక్సిజన్ కాదు. ఒక కారణం పైన చెప్పిన మత్తు. రెండోది గాలి చిక్కదనం. దీని గురించి తగినంతగా ఎవరూ మాట్లాడరని నా ఉద్దేశం.

నీటి పైన లీటరు గాలి బరువు సుమారు 1.3 గ్రాములు ఉంటే, 53 మీటర్ల దగ్గర అది ఎనిమిది గ్రాములవుతుంది. అంత చిక్కటి గాలిని లోపలికి లాగడానికీ, బయటికి తోయడానికీ ఛాతీ కండరాలు చాలా శ్రమపడతాయి. శ్వాస పూర్తిగా బయటికి పోక ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అది మత్తును పెంచుతుంది, ఊపిరాడని భయాన్ని పుట్టిస్తుంది, ఆక్సిజన్ వల్ల మూర్ఛ వచ్చే అవకాశాన్ని కూడా ఎక్కువ చేస్తుంది. లీటరుకు సుమారు 5 గ్రాముల దగ్గర ఉండటం మేలనీ, 6 దాటితే ప్రమాదం బాగా పెరుగుతుందనీ డైవింగ్ వైద్య పరిశోధకులు సూచించారు. బట్టికలోవా దగ్గర ప్రవాహం జోరుగా ఉన్న రోజున, దానికి ఎదురీదుతూ ఎనిమిది గ్రాముల గాలి పీల్చే డైవర్‌కు తప్పించుకునే దారులు చాలా తక్కువ.

దీనికి పరిష్కారం హీలియం. నైట్రోజన్‌లో కొంత భాగం తీసేసి హీలియం కలిపిన మిశ్రమాన్ని ట్రైమిక్స్ అంటారు. హీలియం మత్తెక్కించదు, చాలా తేలిక. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ ఉన్న మిశ్రమంతో 53 మీటర్లకు దిగితే మత్తు 20, 25 మీటర్ల దగ్గర గాలి పీల్చినంతే ఉంటుంది; చిక్కదనం లీటరుకు 5 గ్రాములకు పడిపోతుంది. అయితే హీలియం ఖరీదైనది, దూరపు ఊళ్లకు దాని సిలిండర్లు తెప్పించడం ఒక పెద్ద ఏర్పాటు. అందుకే హెర్మీస్‌కు గాలితోనే దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చాలామంది క్షేమంగా తిరిగి వచ్చారు కూడా. క్షేమంగా వచ్చినవాళ్ల సంఖ్యను చూపించి ఆ పద్ధతి సరైనదనడం నేను ఒప్పుకోను. అన్నీ అనుకున్నట్టు జరిగిన రోజున గాలితో దిగినా వచ్చేయవచ్చు. వలలో కాలు చిక్కుకున్న రోజునే తేటగా ఆలోచించగల బుర్ర అవసరమవుతుంది. విడిచిన ఊపిరిని శుద్ధి చేసి మళ్లీ వాడుకునే రీబ్రీదర్ వచ్చాక హీలియం ఖర్చు బాగా తగ్గింది. కానీ ఆ యంత్రానికి విడిగా సుదీర్ఘమైన శిక్షణ కావాలి, దాని లోపాలు మనిషికి తెలియకుండానే ప్రాణం తీయగలవు.

ఇక పైకి రావడం సంగతి. అడుగున ఉన్నంతసేపూ నైట్రోజన్, హీలియం రక్తంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి కరుగుతూ పోతాయి. ఒక్కసారిగా పైకి వస్తే గోలీసోడా గోలీని లోపలికి నొక్కినప్పుడు పొంగినట్టు ఆ వాయువులు ఒంట్లోనే బుడగలు కడతాయి. ఆ బుడగలు కీళ్లలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం, ఊపిరితిత్తులను ముంచెత్తితే మరణం. అందుకని నిర్ణీత లోతుల దగ్గర ఆగుతూ, కరిగిన వాయువును శ్వాస ద్వారా మెల్లగా వదిలించుకుంటూ రావాలి. హెర్మీస్ దగ్గర 20 నిమిషాలు గడిపితే పైకి రావడానికి ముప్పావు గంటకు అటూ ఇటూ పడుతుంది. ఎంత అత్యవసరమైనా నేరుగా నీటి పైకి వెళ్లే అవకాశం ఆ డైవర్‌కు లేదు. తలపైన కనిపించని కప్పు ఒకటి ఉన్నట్టే లెక్క.

ఆ సమయాన్ని తగ్గించడానికే పక్కన తగిలించుకున్న ఆ రెండు సిలిండర్లు. ఒకదాంట్లో 50 శాతం ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని 21 మీటర్లకు చేరాకే వాడాలి. రెండోదాంట్లో స్వచ్ఛమైన ఆక్సిజన్, దాన్ని 6 మీటర్ల దగ్గరే. మొత్తం డైవ్‌లో అతి ప్రమాదకరమైన అర నిమిషం ఏదని అడిగితే, చాలామంది నౌక పక్కన గడిపే సమయమని అనుకుంటారు. నా లెక్కలో అది వాయువు మార్చుకునే క్షణమే. 21 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని ఆగిన డైవర్ ముందు కంప్యూటర్‌లో లోతు చూస్తాడు, సిలిండర్ మెడ దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించిన అంకెను చదువుతాడు, దాన్ని తోటి డైవర్‌కు చూపిస్తాడు, వాల్వ్ తెరుస్తాడు, ఆ సిలిండర్ నుంచి బయల్దేరిన గొట్టాన్ని చివరిదాకా చేత్తో తడుముతూ వచ్చి, తన చేతికొచ్చిన రెగ్యులేటర్ దానిదేనని తోటివాడు తల ఊపాకే నోట్లో పెట్టుకుంటాడు. ఈ వరసలో ఒక్క మెట్టు కూడా దాటవేయరాదు. 50 శాతం ఆక్సిజన్‌ను పొరపాటున 53 మీటర్ల దగ్గర పీలిస్తే పాక్షిక పీడనం 3 దాటుతుంది, నిమిషాల్లోనే మూర్ఛ వచ్చేంత తీవ్రత అది.

ఇంత ఏర్పాటుతో దిగినవాళ్లు అడుగున చూసేదేమిటి? ఎర్ర రంగు ఆ లోతుకు చేరదు కాబట్టి దీపం వేయనంతవరకు అంతా నీలంగా, బూడిదగా ఉంటుంది. దీపం పడ్డచోట పగడాల రంగులు బయటపడతాయి. 183 మీటర్ల పొడవైన ఓడను ఒక్క డైవ్‌లో చూడటం అసాధ్యం. ఒకసారి ముందు భాగం, మరోసారి వెనక భాగం అనుకుని వెళ్లాలి. మొదటి నుంచీ విమానవాహక నౌకగానే రూపకల్పన చేసి, 1918లో నిర్మాణం మొదలుపెట్టిన నౌక ఇది; అంతకుముందువన్నీ వేరే ఓడలను మార్చి చేసినవే. యుద్ధనౌకల చరిత్రలో దీని స్థానం అంత ముఖ్యమైనది. దాని పక్కల్లో అమర్చిన 5.5 అంగుళాల ఫిరంగులు తెలిసినవాళ్ల కంటికి వెంటనే ఆనతాయి.

చూసినకొద్దీ లోపలికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకూడదని నేను గట్టిగా అంటాను. పక్కకు ఒరిగిన ఓడలో గోడలు నేలగా, నేల గోడగా మారతాయి. మత్తు లేని బుర్రకు కూడా దిక్కు తెలియదు. ఒక్క ఈత రెక్క తగిలినా దశాబ్దాల మట్టి లేచి చేతికున్న దీపం కూడా కనిపించకుండా పోతుంది. ప్రవేశం నుంచి తాడు పరుచుకుంటూ వెళ్లడం, గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మిగతాది ఆపదకు అట్టిపెట్టడం శిథిల నౌకల్లోకి వెళ్లేవాళ్ల నియమం. 53 మీటర్ల దగ్గర ఆ మూడో వంతు నిమిషాల్లోకి తగ్గిపోతుంది. పైగా ఆ లోపల 1942 నాటి మందుగుండు ఉంది, సిబ్బంది అవశేషాలు ఉన్నాయి. నైపుణ్యం ఉన్నవాళ్లకు ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు ఉండవచ్చు. ఆ 307 మంది విశ్రమించిన చోట తిరిగే హక్కు ఏ నైపుణ్యంతోనూ రాదు.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూద్దాం. సరుకు ఓడ మునిగితే యాజమాన్యం బీమా సంస్థలకో, మరొకరికో మారవచ్చు. యుద్ధనౌక అలా కాదు. మునిగినా, ఎన్నేళ్లయినా అది ఏ దేశానిదో ఆ దేశానిదేనని ప్రధాన నౌకాదేశాలన్నీ వాదిస్తాయి. ఆ లెక్కన హెర్మీస్ బ్రిటన్ ఆస్తి. కానీ అది ఉన్నది శ్రీలంక సముద్ర జలాల్లో. బ్రిటన్ 1986లో సైనిక అవశేషాల రక్షణకు చేసిన చట్టం ఇతర దేశాల జలాల్లో చెల్లదు. నీటి అడుగు వారసత్వంపై యునెస్కో 2001లో చేసిన ఒడంబడిక కనీసం 100 ఏళ్లు నీటిలో ఉన్నవాటికే వర్తిస్తుంది. హెర్మీస్‌కు వందేళ్లు నిండేది 2042లో.

పోలిక కోసం స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లోలో ఉన్న రాయల్ ఓక్‌ను చూడవచ్చు. 1939 అక్టోబరులో 835 మందితో మునిగిన ఆ నౌక హెర్మీస్ కంటే చాలా తక్కువ లోతులో ఉంది, మామూలు డైవర్లకూ అందుతుంది. అయినా అక్కడ దిగడం నేరం. బ్రిటిష్ నౌకాదళ డైవర్లు మాత్రమే ఏటా దిగి జెండా మార్చి వస్తారు. ఒకచోట చట్టం అడ్డు, మరోచోట లోతు అడ్డు. ఆగ్నేయాసియాలో ఈ రెండూ పనిచేయలేదు. జావా సముద్రంలో 1942లో మునిగిన డచ్, బ్రిటిష్ యుద్ధనౌకల కోసం 2016లో వెళ్లిన సర్వే బృందాలకు కొన్నిచోట్ల సముద్రపు అడుగున ఓడ ఆకారంలో గుంత తప్ప ఏమీ కనిపించలేదు. ఇనుము కోసం, కంచు ప్రొపెల్లర్ల కోసం క్రేన్ బార్జిలతో వాటిని మొత్తంగా ఎత్తుకుపోయారు. 2023లో రిపల్స్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే మునిగిన బ్రిటిష్ యుద్ధనౌకల దోపిడీ అనుమానంతో మలేసియా ఒక చైనా ఓడను నిర్బంధించింది. డైవర్‌ను ఆపే లోతు క్రేన్‌ను ఆపదు.

మన తీరంలో దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. 1971 డిసెంబరులో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, అందులోని సిబ్బందితో సహా ఇప్పటికీ అడుగునే ఉంది. భారత నౌకాదళం జలాంతర్గాముల రక్షణకు వాడే తన వాహనంతో దాన్ని గుర్తించిందన్న వార్త 2024లో వచ్చింది. చనిపోయినవారి పట్ల గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని కూడా అప్పుడు చెప్పారు. అది ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల వాదనలు నేటికీ వేర్వేరు. వాదం తేలకపోయినా, శత్రువు సమాధిని కదిలించకపోవడం అనే సంప్రదాయం పాటించడం మనకు సాధ్యమైంది.

హెర్మీస్ విషయంలో మరో ఒత్తిడి కాలానిది. ఉప్పునీటిలో ఉక్కు ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు వరకు తరిగిపోతుంది. 80 ఏళ్లలో ఆ నష్టం ఒక పలుచని రేకు మందాన్ని మించుతుంది. మనుషుల వల్ల ఇది ఇంకా వేగవంతమవుతుంది. ఎర్ర సముద్రంలో 30 మీటర్ల లోతున, 1941లో మునిగిన థిసిల్‌గార్మ్ అనే సరుకు ఓడ మామూలు డైవర్లకు అందే లోతులో ఉండటంతో ప్రపంచంలోనే ఎక్కువమంది చూసే శిథిల నౌకల్లో ఒకటైంది. పడవలు తమ తాళ్లను దానికే కట్టి లాగడంతో రెయిలింగులు, పలకలు ఊడిపోయాయి. డైవర్లు లోపల వదిలిన గాలి బుడగలు కప్పు కింద చిక్కుకుని తుప్పును పెంచాయి. ఆ గాలి బయటికి పోవడానికి స్థానిక పర్యావరణ సంస్థ 2007లో కప్పుకు రంధ్రాలు వేసింది, పడవలు కట్టుకోవడానికి విడిగా బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) పెట్టింది.

హెర్మీస్‌కు ఆ గతి పట్టకపోవడానికి ఇంతవరకు ముఖ్య కారణం దాని లోతు. ఆ లోతుకు వెళ్లే సామర్థ్యం ఇప్పుడు ఏటా మరింతమందికి వస్తోంది. రీబ్రీదర్లు, ట్రైమిక్స్ శిక్షణ పెరిగేకొద్దీ 53 మీటర్లు పెద్ద అడ్డుగా మిగలవు. అందుకని 2042 దాకా ఆగకుండా బ్రిటన్, శ్రీలంక కలిసి చేయగల పనులు ఉన్నాయి. పడవలు నౌకకు లంగరు వేయకుండా పక్కన శాశ్వత బోయా పెట్టవచ్చు. లోపలికి ప్రవేశాన్ని నిషేధించి, బయటి నుంచి చూడటానికి అనుమతి పద్ధతి పెట్టవచ్చు. థిసిల్‌గార్మ్ విషయంలో 2017లో చేసినట్టు వేల ఫొటోలతో నౌక మొత్తానికి త్రిమితీయ నమూనా తయారుచేసి, కొన్నేళ్లకోసారి మళ్లీ ఫొటోలు తీసి పోల్చితే, ఏ పలక ఎంత కుంగిందో, ఎవరైనా ఏదైనా తీసుకుపోయారో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడికి దిగగల డైవర్లే ఆ ఫొటోలు తీయగలరు. ఒక్కొక్కరికి దొరికే 20 నిమిషాలను ముందుగానే వరసలుగా పంచుకుంటే ఒకే సీజన్‌లో ఈ పని మొదలుపెట్టవచ్చు.